మూర్ మార్కెట్ గిటారు

మా ఆవిడ కుట్టుమిషను కోసమని చీటీ పాడి తెచ్చిన డబ్బులోంచి 350 రూపాయలు పెట్టి, 1979లో నేనొక పాత గిటారు కొన్నాను. ఈ మాట మా ఇంట్లో పండగ పండక్కీ ఎవరో ఒకరు ఎత్తుతూనే ఉంటారు. అంచేత ముందుగా నేనే ఒప్పేసుకోవడం క్షేమం.

అప్పట్లో నాకు మద్రాసులో గుమాస్తా ఉద్యోగం. సెంట్రల్ స్టేషను పక్కనే మూర్ మార్కెట్ ఉండేది. 1985లో కాలిపోయింది గాని, అంతవరకూ పాత పుస్తకాల దగ్గర్నుంచి పాత గ్రామఫోను దాకా అక్కడ దొరకని వస్తువు లేదు. ఆ సాయంత్రం నేను వెళ్ళింది మిషను బేరం చెయ్యడానికే సుమండీ! మూగబోయిన రేడియోల మధ్య గిటారు ఒకటి గోడకి జారగిలబడి ఉంది. గుండ్రటి రంధ్రంలోంచి తొంగిచూస్తే లోపల సగం చిరిగిన చీటీ మీద 'నగోయా, జపాన్' అన్న అక్షరాలు మిగిలాయి. తీగ ఒకటి మీటాను. అంతే, మిషను మాట మరిచిపోయాను.

కొన్న వారానికే దాన్ని చంపినంత పని చేశాను. నైలాన్ తీగలు మరీ మెత్తగా పలుకుతున్నాయనీ, సినిమా పాటల్లోలాగా ఖణేలుమనాలనీ ఉక్కు తీగలు తెచ్చి బిగించాను. మూడోనాటి అర్ధరాత్రి ఢామ్మని చప్పుడు. దీపం వేసి చూద్దునుకదా, తీగల్ని పట్టి ఉంచే బ్రిడ్జి ఊడిపోయి, పైపలక చీలింది. మా ఆవిడ లేచి చూసి, "మిషనయితే అర్ధరాత్రి పేలదు కదండీ" అని మాత్రం అని అటు తిరిగి పడుకుంది. ఆవిడ నాలుగు తిట్టినా బాగుండేది.

మర్నాడు ఆ శవాన్ని దుప్పట్లో చుట్టి, మైలాపూరులో వీణలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి పట్టుకెళ్ళాను. ఆయన రంధ్రం అంచు మీద వేలు పెట్టి, "చూడండి సార్, పైన కనపడే చెక్క గీతలు అంచులో కూడా అలాగే కిందికి దిగుతున్నాయా? ఇది ప్లైవుడ్ కాదు, ఒంటి చెక్క. మంచి సరుకు. దీనికి మీరు ఉరి వేశారు" అన్నాడు. నైలాన్ తీగలు ఆరూ కలిసి పలకని లాగేది సుమారు 40 కిలోల బరువుతో. ఉక్కు తీగలైతే 70 కిలోలు. రెండున్నర మిల్లీమీటర్ల పలక ఎంతకని ఆగుతుంది?

మాది బొబ్బిలి వైపు. పనసదుంగని తొలిచి ఏకాండి వీణ చేసే చోట పుట్టిన నాకు, రెండున్నర మిల్లీమీటర్ల చెక్కలోంచి నాదం రావడమన్నది వింతగా తోచింది. ఆయన రెండు వారాలు బంక పెట్టి, బిగించి, అతికి ఇచ్చాడు. అప్పట్నుంచి ఈ పలక కథేమిటో తెలుసుకోవాలని పుస్తకాల వెంట పడ్డాను.

ఆ కథ స్పెయిన్‌లో ఒక వడ్రంగితో మొదలవుతుంది. ఆంటోనియో డి టోరెస్ 1817లో అల్మేరియా దగ్గర పుట్టాడు. ఇవాళ మనం చూసే క్లాసికల్ గిటారు రూపం చాలామటుకు ఆయన స్థిరపరచిందే. నాదమంతా పైపలకదేనని ఆయన వాదం. పలక కింద సన్నటి బద్దల్ని విసనకర్ర ఈనెల్లాగా పరిచి, పలచటి చెక్కకి బలం ఇచ్చాడు. అనుమానించేవాళ్ళ నోరు మూయించడానికి 1862లో ఒక గిటారు చేశాడు. దానికి పైపలక మాత్రమే మంచి చెక్క. వెనకా పక్కలా ఉన్నదంతా అట్ట! ఆ అట్ట గిటారు ఇప్పటికీ బార్సిలోనా సంగీత మ్యూజియంలో ఉంది. ఇంతటి మహానుభావుడికీ గిటార్లు కూడు పెట్టక, 1870ల్లో అల్మేరియాలో పింగాణీ సామాన్ల కొట్టు పెట్టుకున్నాడు.

చేసేవాడి సంగతి అలా ఉంటే, వాయించేవాడి సంగతి? ఆండ్రేస్ సెగోవియా 1912లో మాడ్రిడ్ కచేరీకి తగిన వాద్యం లేక, మాన్యుయెల్ రమీరెజ్ కొట్టుకి వెళ్ళి ఒక గిటారు అద్దెకిమ్మన్నాడు. అప్పుడాయనకి పందొమ్మిదేళ్ళు. రమీరెజ్ వాయించమని విని, డబ్బు మాట ఎత్తకుండా గిటారు చేతిలో పెట్టి పంపేశాడు. పాతికేళ్ళు సెగోవియా లోకమంతా తిరిగి వాయించింది దాని మీదే. ఇప్పుడది న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. ఆ మాత్రం దాతృత్వం మూర్ మార్కెట్లో ఎందుకు లేకపోయిందా అని నేను చాలాసార్లు విచారించాను.

తీగల సంగతీ చెప్పాలి. పూర్వం సన్న తీగలు జంతువుల పేగులతో చేసేవారు. రెండో ప్రపంచయుద్ధంలో ఆ పేగంతా గాయాలు కుట్టే దారానికి పోయింది. అప్పుడు న్యూయార్కులో ఆల్బర్ట్ అగస్టీన్ అనే గిటార్ల పనివాడు నైలాన్‌తో తీగలు చేశాడు. సెగోవియా ఔనన్నాడు. మాటిమాటికీ తెగని తీగలు మామూలువాళ్ళకీ అందుబాటులోకొచ్చాయి.

మరి నగోయా ఎక్కడిది? సెగోవియా 1929లో జపాన్ వెళ్ళి కచేరీలు చేశాడు. యుద్ధం తరవాత అక్కడ గిటారు పిచ్చి ముదిరింది. మసారు కోనో అనే ఆయన 1960లో స్పెయిన్ వెళ్ళి పని చూసొచ్చి, 1967లో బెల్జియంలో లియేజ్ పోటీలో బంగారు పతకం కొట్టాడు. హమమత్సులోని యమహావారు గ్రెనడా నుంచి ఎడువార్డో ఫెర్రర్ అనే పనివాణ్ణి పిలిపించి నేర్చుకున్నారు. పెద్ద చేతుల పనితనం చిన్న ధర గిటార్లలోకీ కొంత దిగింది. పైగా 1949 నుంచి 1971 దాకా డాలరుకి 360 యెన్‌లు. అంచేత జపాన్ గిటారు పరదేశంలో కారుచౌక. స్వీడన్‌లో లెవిన్‌వారు, బ్రెజిల్లో జియానినీవారు కూడా ఇల్లాంటి మధ్యతరగతి వాద్యాలే చేశారు. విద్యార్థులకోసం పుట్టిన ఆ గిటార్లనే ఇవాళ వాయించేవాళ్ళు వెతుక్కుంటూ తిరుగుతున్నారు. పేరున్న పనివాడి కొత్త గిటారు లక్షల్లో మాట మరి!

పాతదల్లా బంగారమని నేననను. మెడ వంగినది, బ్రిడ్జి వెనక పలక పొట్టలా ఉబ్బినది చౌకగా వచ్చినా వద్దు. బాగుచేయించే ఖర్చు ముక్కుపిండి వసూలు చేస్తుంది. చెక్క ముదిరిన కొద్దీ నాదం పండుతుందని వాయించేవాళ్ళ నమ్మకం. ఆ మార్పు చెక్కలోనో, అలవాటుపడ్డ చెవిలోనో నేను తేల్చలేను. నా మట్టుకు పండింది.

ఇళయరాజా గారు మద్రాసులో ఉంటూ లండన్ ట్రినిటీ కాలేజీవారి క్లాసికల్ గిటారు పరీక్షలు ప్యాసయిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఇప్పుడు మా మనవరాలు ఆ ట్రినిటీ వారి పరీక్షలకే కట్టింది. మావాడు కొత్త గిటారు కొంటానన్నా వినక, అతుకు మచ్చ ఉన్న ఈ నగోయా గిటారు మీదే సాధన చేస్తోంది.

మిషను 1982లో కొన్నాను లెండి. దాని మీద మా ఆవిడ మొట్టమొదట కుట్టింది జాకెట్టు కాదు. తన పాత పట్టుచీర చింపి ఈ గిటారుకి గవుసెన కుట్టింది. ఎందుకూ అంటే, "వచ్చినవాళ్ళు చూసి ఎంతకి కొన్నారని అడక్కుండా!" అంది.