చూసిన కంటికీ గాయమే

యుద్ధం సైనికుని మనసుకు చేసే గాయాన్ని వైద్యులు మొదటి ప్రపంచ యుద్ధకాలంలోనే గమనించారు. 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం దానికి 'పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్' అని పేరు పెట్టి వ్యాధుల జాబితాలో చేర్చింది. ఆ యుద్ధాన్నే దగ్గరుండి చూసి వార్తలు పంపిన విలేకరి గాయం మాత్రం చాలాకాలం వైద్యుల దృష్టికి రాలేదు.

టొరంటో మానసిక వైద్యుడు ఆంథొనీ ఫైన్‌స్టైన్ బృందం 140 మంది యుద్ధ విలేకరులను, యుద్ధరంగానికి వెళ్లని 107 మంది పాత్రికేయులతో పోల్చి, 2002లో ఫలితాలను ప్రచురించింది. ముఖాముఖి పరీక్షించిన యుద్ధ విలేకరులలో దాదాపు 29 శాతం మంది ఎప్పుడో ఒకప్పుడు ఈ వ్యాధికి గురైనవారే. అయినా చికిత్స పొందడంలో వారు తక్కిన పాత్రికేయులకంటే ముందు లేరు.

పీడకలలు, ఉలికిపాటు, నిద్రలేమి నెల దాటినా విడవకపోతే అది పిరికితనం కాదు. చికిత్సకు లొంగే వ్యాధి కావచ్చు. వైద్యుణ్ణి సంప్రదించండి.