నూకా, రవ్వా, మెత్తటి పిండా: పంది మేతపై నూరేళ్ల వాదన

మన ఇళ్లలో గింజ పగిలిన తీరును బట్టి పేరు మారిపోతుంది. నూక వేరు, రవ్వ వేరు, పిండి వేరు. ఇడ్లీకి పోసే రవ్వ ఏదో, ఉప్మాకు వేసే రవ్వ ఏదో వంటింట్లో ఎవరూ కొలబద్ద పెట్టి చూడరు, వేళ్ల మధ్య నలిపి చెప్పేస్తారు. అమెరికా మధ్య రాష్ట్రాల్లో మొక్కజొన్న వేసి పందుల్ని పెంచిన రైతులు కూడా చాలాకాలం అలాగే నడిపారు. వేళ్ల లెక్క మైక్రాన్ల లెక్క కావడానికి దాదాపు నూరేళ్లు పట్టింది.

మొదట్లో అసలు మర పట్టించే ఊసే తక్కువ. పండిన మొక్కజొన్న చేలోకే పందుల్ని తోలి, కంకులు విరుచుకు తినమనేవారు. బలిపించే ఎడ్ల మంద వెనక పందుల్ని వదలడం ఇంకో పద్ధతి. పేడలో అరగకుండా పడిన గింజల్ని అవి ఏరుకు తినేవి. చెప్పుకోవడానికి బాగుండకపోయినా అందులో పెద్ద పాఠమే ఉంది. పైపొర పగలని గింజ ఎద్దు పొట్టలోంచి కూడా చెక్కుచెదరకుండా బయటికి రాగలదు. జీర్ణరసాలు గింజ లోపలికి వెళ్లాలంటే ముందు ఎవరో ఒకరు దాన్ని పగలగొట్టాలి. అది పళ్ల పనా, మర పనా అన్నదే ప్రశ్న.

ఆ ప్రశ్నను తూకం మీద పెట్టినవాళ్లలో ముందు చెప్పుకోవలసినవాడు విస్కాన్సిన్ వ్యవసాయ ప్రయోగ క్షేత్రానికి చెందిన విలియం ఆర్నన్ హెన్రీ. పశువుల మేతపై 1898లో వచ్చిన ఆయన పుస్తకం ‘ఫీడ్స్ అండ్ ఫీడింగ్’ రెండు మూడు తరాల పశుపోషకులకు పెద్దబాలశిక్ష లాంటిది. విస్కాన్సిన్‌లో కొన్ని పందులకు గింజ, కొన్నింటికి పిండి పెట్టి పది శీతాకాలాల పాటు చూశారు. తేలిందేమంటే, పిండి పెట్టినందువల్ల ఆదా అయిన మొక్కజొన్న సుమారు 6 శాతం. ఈ మాట విని రైతు ఎగిరి గంతేయలేదు. బండి కట్టుకుని మర దాకా పోవాలి, మర కూలి ఇవ్వాలి, మళ్లీ మోసుకు రావాలి. ఆ ఖర్చులో 6 శాతం ఎగిరిపోయేది. గింజ ఖరీదుగా ఉన్న ఏడు మాత్రమే మర గిట్టుబాటు. జొన్న, బార్లీ లాంటి చిన్న, గట్టి గింజల సంగతి వేరు. వాటిని పంది సరిగా నమలదు కాబట్టి మర పట్టించక తప్పదు.

లెక్క మారింది మర రైతు దొడ్లోకి వచ్చాక. రాతి మరలు, ఇనుప మరలు పోయి 1920ల నుంచి హ్యామర్ మిల్లు విస్తరించింది. ట్రాక్టరుకు బెల్టు తగిలిస్తే చాలు, ఇరుసు మీద వేలాడే ఇనప సుత్తులు గిరగిర తిరుగుతూ గింజను చితక్కొట్టి జల్లెడ రంధ్రాల్లోంచి బయటికి తోసేవి. ఎంత మెత్తన కావాలంటే అంత సన్న జల్లెడ. ఇక్కడే ఒక చిక్కుంది, ఇప్పటికీ చాలామంది పొరబడేదీ ఇక్కడే. జల్లెడ రంధ్రం 3 మిల్లీమీటర్లంటే రవ్వ 3 మిల్లీమీటర్లని కాదు, రవ్వ అంతకంటే చాలా సన్నగా వస్తుంది. అందువల్ల పిండినే కొలవాల్సి వచ్చింది. కాంక్రీటు పనిలో ఇసుక, కంకరల మెత్తదనానికి వాడే ఫైన్‌నెస్ మాడ్యులస్ లెక్కనే మేతకూ తెచ్చారు. తరువాత ఒకదాని మీద ఒకటి పేర్చిన జల్లెడల్ని యంత్రంతో కుదిపి, ఏ జల్లెడ మీద ఎంత ఆగిందో తూచి, సగటు రేణువు పరిమాణాన్ని మైక్రాన్లలో చెప్పడం స్థిరపడింది. వెయ్యి మైక్రాన్లంటే ఒక మిల్లీమీటరు. సగటుతో పాటు రేణువుల మధ్య ఎగుడుదిగుడు ఎంతో కూడా ఆ లెక్కే చెబుతుంది.

మెత్తగా మర పట్టగలిగేసరికి పంది పొట్ట ఎదురు తిరిగింది. మెత్తటి పిండిని అదిమి చేసే గుళిక మేత వాడకం పెరిగిన 1960ల నాటికి, బాగా ఎదుగుతున్న పందులు ఉన్నట్టుండి పాలిపోయి చచ్చిపోయేవి. కోసి చూస్తే కడుపునిండా నెత్తురు. అన్నవాహిక వచ్చి జీర్ణాశయంలో కలిసేచోట, ఆమ్లం నుంచి కాపాడే జిగురు పొర లేని చిన్న భాగం ఒకటుంది. పుండు పడేది అక్కడే. ఈ పుండుకూ మేత రూపానికీ ఉన్న లంకెను ఇండియానాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం పరిశోధకులు 1966లో ప్రచురించారు. రెండేళ్లకు విస్కాన్సిన్ నుంచే, అంటే హెన్రీ పనిచేసిన చోటి నుంచే, కారణం కూడా బయటపడింది. ముతక మేత తిన్న పంది కడుపులో ఆహారం ముద్దగా, పొరలు పొరలుగా నిలుస్తుంది. పైభాగంలో ఆమ్లం తక్కువ, అడుగున ఎక్కువ. మెత్తటి పిండి తింటే అంతా జావలా కలిసిపోయి, అడుగున ఉండాల్సిన ఆమ్లం పైకి ఎగిసి ఆ రక్షణ లేని చోటును తాకుతుంది. పుండ్లకు సూక్ష్మజీవులు, ఒత్తిడి, మేత లేకుండా గడిపిన గంటలు కూడా కారణమేనని తరువాత తేలింది గానీ, ముద్దాయిల పట్టీలో మెత్తటి పిండి పేరు మాత్రం చెరిగిపోలేదు.

నా ఉద్దేశంలో ఈ చరిత్రకు గుండెకాయ లాంటి ప్రయోగం కాన్సస్ స్టేట్ విశ్వవిద్యాలయంలో జరిగింది. 1995లో అచ్చయిన ఆ పరిశీలనలో మొక్కజొన్నను 1,000, 800, 600, 400 మైక్రాన్లుగా మర పట్టించి, అమ్మకానికి ఎదుగుతున్న పందులకు పెట్టారు. వెయ్యి నుంచి 400కు దిగేసరికి మేత వినియోగ సామర్థ్యం 8 శాతం మెరుగైంది. పందులు రోజుకు పెరిగే బరువులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు, అంతే బరువుకు తక్కువ తిన్నాయి. ఎందుకో తెలుసుకోవాలంటే మిల్లీమీటరు ఘనాన్ని ఊహించుకుంటే చాలు. దాని ఉపరితలం 6 చదరపు మిల్లీమీటర్లు. దాన్ని అర మిల్లీమీటరు ఘనాలు ఎనిమిదిగా కోస్తే 12. ఎంజైములకు దొరికే చోటు రెట్టింపైనట్టే. ఆ రోజుల నుంచే ప్రతి 100 మైక్రాన్ల తగ్గింపుకు సుమారు 1 శాతం మేత కలిసొస్తుందన్న మాట పందుల పెంపకందార్ల నోళ్లలో నానింది. అయితే అదే ప్రయోగంలో ఇంకో రెండు సంగతులున్నాయి. 600 దాకా మరకు అయ్యే కరెంటు కొద్దికొద్దిగా పెరిగితే, 400కు దిగగానే రెట్టింపు దాటింది. కడుపులో పుండ్ల ఆనవాళ్లూ పెరిగాయి.

తరువాత ఇలినాయ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు విషయాన్ని ఇంకో వైపు నుంచి చూశారు. మొక్కజొన్నను 865 నుంచి 339 మైక్రాన్ల దాకా నాలుగు రకాలుగా మర పట్టి, మెత్తనయ్యేకొద్దీ గింజలోంచి పందికి దక్కే శక్తి పెరుగుతుంది కాబట్టి మేతలో కలిపే కొవ్వును ఆ మేరకు తగ్గించారు. ఎదుగుదల తగ్గలేదు. కొవ్వు కొనే డబ్బుతో కరెంటు బిల్లు కట్టుకోవచ్చన్నమాట.

డెన్మార్క్‌లో గాలి ఎదురు వీచింది. సాల్మొనెల్లాతో పోరాడుతున్న ఆ దేశంలో 2004లో వచ్చిన పరిశోధన, గుళిక చేయని ముతక మేత తిన్న పందుల కడుపులో ఆమ్లాలు తయారుచేసే సూక్ష్మజీవులు పెరిగి సాల్మొనెల్లా అక్కడ ఎక్కువసేపు బతకలేకపోతోందని చూపింది. మేత కాస్త ఎక్కువ ఖర్చయినా రోగం తగ్గితే మేలేనన్నది అక్కడివారి లెక్క. ఒకే గింజ, ఒకే పంది, రెండు దేశాల్లో రెండు తీర్పులు. నాకు రెండూ సబబుగానే కనిపిస్తాయి.

మన వైపు చాలా పందులు హోటళ్ల మిగులు మీదే పెరుగుతున్నాయి, వాటికి ఈ గొడవ లేదు. మొక్కజొన్న కొని, తవుడు, చెక్క కలిపి మేత ఆడించుకునే రైతులకు మాత్రం ఇది రూపాయల్లో వ్యవహారం. ఎదిగే పందికి 600 మైక్రాన్ల చుట్టుపక్కల రవ్వ ఉంటే చాలు. అరిగిన సుత్తులు, రంధ్రాలు సాగిన జల్లెడ గింజను సమంగా కొట్టవు. సగం నూక, సగం దుమ్ము వస్తుంది. ఈసారి మేత ఆడించేటప్పుడు మూత తీసి ఆ సుత్తులు ఒకసారి చూపించమని మరవాడిని అడగండి.