మారామా, మార్చారా?

మా పెద్దలు ఎప్పుడో తురకల్లో కలిశారు. ఊళ్లో ముసలివాళ్లు ఈ మాట అనేటప్పుడు అందులో తిట్టు లేదు, పొగడ్తా లేదు. వాగు ఏట్లో కలిసినట్టు ఒక ఇల్లు ఇంకో వాడలో కలిసింది, అంతే. మాలపల్లెలో ఇంకో ఇల్లు కిరస్తానంలో కలిసింది. ఎవరు కలిపారని ఎవరూ అడగలేదు. ఆ ప్రశ్నను మా మీదికి తెచ్చింది ఒక ఇంగ్లీషు మాట. దాని పేరు 'కన్వర్ట్'.

తెలుగులో మారడం వేరు, మార్చడం వేరు. మారినవాడు కర్త. ఇంకొకడు మార్చితే వాడు కర్మ. బడికెళ్లని పిల్లవాడికి కూడా ఈ తేడా తెలుసు. ఇంగ్లీషులో 'కన్వర్ట్' ఒక్కటే క్రియ. మారడానికీ అదే, మార్చడానికీ అదే. లాటిన్‌లో దాని మూలానికి తిప్పడమని అర్థం. పైగా అది నామవాచకం కూడా. మారిన మనిషి పేరే 'కన్వర్ట్' అయిపోతుంది. క్రియ ఒకనాడు జరిగి ముగుస్తుంది. నామవాచకం ముగియదు. పది తరాలు నమాజు చేసినా, ఆ పేరు మాత్రం నిన్న సాయంత్రం కలిసినవాడిదే. ఇంగ్లండు న్యాయశాస్త్రంలో ఇంకొకరి వస్తువును తన సొంతమన్నట్టు వాడుకునే తప్పును కూడా 'కన్వర్షన్' అనే అంటారు. మనిషిని కూడా ఎవరిదో సొత్తుగా చూసేవాళ్లకు ఈ మాట ఎంత అనువుగా ఉందో చూడండి.

ఈ మాట కాగితాల మీద స్థిరపడింది జనగణనలతో. 1872లో బెంగాల్లో మొదటిసారి తలలు లెక్కపెట్టినప్పుడు తూర్పు జిల్లాల పల్లెల్లో ముస్లింలు కుప్పలుగా కనిపించారు. కొన్ని జిల్లాల్లో 70 శాతం పైమాటే. వీళ్లు ఎక్కడినుంచో గుర్రాలెక్కి వచ్చినవాళ్లు కారని, ఇక్కడి కింది కులాల నుంచి మారినవాళ్లేనని జనగణన అధికారి బెవర్లీ తేల్చాడు. దీనికి జవాబుగా ముర్షిదాబాద్ నవాబు దీవాను ఖుందకర్ ఫుజ్లీ రబ్బీ 1895లో పుస్తకమే వేశాడు. బెంగాల్ ముస్లింలు చాలావరకు పరదేశాల నుంచి వచ్చిన వంశాలవాళ్లేనని ఆయన వాదన.

ఇక్కడ మేం కూడా బోనెక్కక తప్పదు. మనలో పెద్దింటివాళ్లు ఆ మాటకు ఎందుకు ఉలిక్కిపడ్డారు? అది అబద్ధమని కాదు. అది కింది కులమని చెబుతోందని. అందరూ సమానమన్న మతంలోకి వచ్చి, అరేబియా నుంచో ఇరాన్ నుంచో దిగామని చెప్పుకుంటే తప్ప మర్యాద లేని పరిస్థితి తెచ్చిపెట్టుకున్నాం. షేకులకూ సయ్యదులకూ దూదేకులవాళ్ల ఇంట్లో పిల్లనివ్వడానికి చేతులు రాలేదు. దూది ఏకి పదిమందికి పరుపులు కుట్టిన పింజారి పేరు తెలుగులో తిట్టుగా మారితే, ఆ తిట్టు మన ఇళ్లలో కూడా వినిపించింది. 'కన్వర్ట్' అని బయటివాడు రాశాడు సరే, 'నౌముస్లిం' అని లోపలివాడు గొణిగాడు కదా!

1993లో చరిత్రకారుడు రిచర్డ్ ఈటన్ బెంగాల్ గురించి చెప్పిన సంగతి ఈ ఇద్దరికీ జవాబు. అక్కడ కత్తి లేదు, ఒక్కరోజులో జరిగిన మార్పూ లేదు. అడవి నరికి వరి వేసుకుంటున్న జనంలోకి, ఆ సాగుతో పాటే, పీర్లూ మసీదులూ వచ్చాయి. పాత దేవతల పక్కన అల్లా పేరు చేరింది. కొన్ని తరాలకు ఆ పేరే మిగిలింది. దీనికి 'కన్వర్ట్' సరిపోదు. మన ముసలివాళ్ల 'కలవడం' కొంచెం సరిపోతుంది.

స్వాతంత్ర్యం వచ్చాక ఈ మాట చట్టంలోకి ఎక్కింది. 1967లో ఒరిస్సా, 1968లో మధ్యప్రదేశ్ మత స్వేచ్ఛ పేరుతో చట్టాలు చేశాయి. వాటిలో తమాషా చూడండి. 'కన్వర్షన్' అంటే ఒక మతాన్ని వదిలి ఇంకో మతాన్ని స్వీకరించడమని నిర్వచనం. అంటే మనిషి తనంతట తాను మారడం. నేరం దగ్గరికి వచ్చేసరికి బలంతో, ఆశపెట్టి, మోసంతో ఇంకొకరిని 'కన్వర్ట్' చేయడం. మారడంతో మొదలుపెట్టి మార్చడంతో ముగించారు. 1977లో సుప్రీం కోర్టు ఈ చట్టాలను సమర్థించింది. మతాన్ని ప్రచారం చేసే హక్కులో ఇంకొకరిని మార్చే హక్కు లేదంది. సరే, మరి తనంతట తాను మారేవాడి మాటేమిటి? 1981లో తమిళనాడు మీనాక్షిపురంలో దళితులు వందల సంఖ్యలో ముస్లింలైనప్పుడు దేశమంతా అడిగింది ఒకటే: ఎవరు మార్చారు, డబ్బు ఎక్కడిది? ఎందుకు మారారు అని అడిగినవాళ్లు తక్కువ. దళితుడికి సొంత బుర్ర ఉంటుందని ఆ మాట ఒప్పుకోదు.

ఇక దానికి ముందు 'రీ' తగిలిస్తే అర్థమే తిరగబడుతుంది. 1923లో ఆగ్రా చుట్టుపక్కల మల్కానా రాజపుత్ర ముస్లింలలో స్వామి శ్రద్ధానంద శుద్ధి ఉద్యమం నడిపారు. శుద్ధి అంటే అంతవరకూ వాళ్లు మైల అనేగా! 2021 నాటి ఉత్తరప్రదేశ్ చట్టం ప్రకారం మనిషి తన వెనకటి మతానికి తిరిగి వెళితే అసలు అది 'కన్వర్షనే' కాదు. ముందుకు నడిస్తే విచారణ, వెనక్కి నడిస్తే స్వాగతం.

మన గడప దగ్గరే ఇంకో సంగతి ఉంది. 1976లో గుంటూరు మెడికల్ కాలేజీ సీటు కేసులో సుప్రీం కోర్టు ఒక తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డ్ కులం నుంచి క్రైస్తవులైన తల్లిదండ్రులకు పుట్టినవాడు హిందువుగా మారితే, కులంవాళ్లు ఒప్పుకుంటే, ఆ కులంవాడే అవుతాడని. అంటే కులం ఎక్కడికీ పోలేదు, గుమ్మం బయట కాచుకుని ఉంది. మరి మతం మారినవాడిని అది ఇంటి లోపలికి వచ్చి పట్టుకోవడం లేదా? 1950 రాష్ట్రపతి ఉత్తర్వు లేదు పొమ్మంటుంది. షెడ్యూల్డ్ కులం హోదాను హిందువులకు ఇచ్చి, 1956లో సిక్కులకూ 1990లో బౌద్ధులకూ విస్తరించారు. ముస్లింలూ క్రైస్తవులూ బయటే. మన జాబితాల్లో మెహతర్ షెడ్యూల్డ్ కులం. అదే మెహతర్ ముస్లిం అయితే బీసీ-ఏ. చీపురు అదే, పెంట అదే, ముక్కు మూసుకునే జనమూ వాళ్లే. క్రైస్తవంలోకి మారిన దళితులకు బీసీ-సీలో ఒక్క శాతం. అక్కడ రాసింది 'కన్వర్టులు, వారి సంతతి' అని. సంతతి కూడా కన్వర్టే!

ఇప్పుడు మనం వాడే 'మతమార్పిడి' ఈ ఇంగ్లీషు మాటకు పుట్టిన బిడ్డే. మార్పిడి అంటే ఏమిటి? వస్తుమార్పిడి, నోట్ల మార్పిడి. ఒకటి ఇచ్చి ఒకటి పుచ్చుకోవడం. పుచ్చుకున్నదేమిటో చెప్పమనే నిలదీత ఆ మాటలోనే ఉంది.

చెబుతాం. మా పెద్దలు పుచ్చుకున్నది ఒకే వరసలో నిలబడే చోటు. అది పూర్తిగా దక్కలేదు. పల్లెలో దక్కలేదు, మసీదు బయట మన వాళ్ల మధ్యా దక్కలేదు, సర్కారు జాబితాలోనూ దక్కలేదు. అయినా దానికోసం అడుగు వేసింది వాళ్లు. ఎవరో మోసుకొచ్చి దింపితే దిగినవాళ్లు కారు. అందుకే ఇకమీద మమ్మల్ని ఎవరు మార్చారని అడిగేవాళ్లకు మాది ఒకే జవాబు. ముందు మీ వాక్యంలో కర్తను సరిచేసుకోండి. ఆ తర్వాత, ఎందుకు మారాల్సి వచ్చిందో కూర్చుని మాట్లాడుకుందాం.