బొగ్గు లెక్క ఉంది, నీటి లెక్క మనం రాద్దాం

జల్, జంగల్, జమీన్. కుమ్రం భీంను తలచుకున్న ప్రతిచోటా ఈ మూడు మాటలూ పలుకుతాం. అందులో మొదటిది జల్, అంటే నీరు. గోదావరి లోయ బొగ్గు చరిత్ర తిరగేస్తే మాత్రం చాలాకాలం ఆ మొదటి మాట కనిపించదు.

1871లో జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును గుర్తించాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఏర్పడింది. 1889లో తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ వచ్చింది. కోయ, గోండు, కొలాం, నాయకపోడు గూడేలున్న నేలలో బెల్లంపల్లి, కొత్తగూడెం, రామగుండం, మణుగూరు దాకా గనులు విస్తరించాయి. ఏటా ఎన్ని టన్నుల బొగ్గు తీశారో రాసిపెట్టుకున్నారు. పర్యావరణ ప్రభావాన్ని ముందే అంచనా వేయాలన్న నిబంధన మాత్రం 1994లో గానీ రాలేదు. అంటే మొదటి గని తర్వాత 105 ఏళ్లకు.

మిత్రులారా, బొగ్గున్న ఈ రాతి పొరలకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు గోండ్వానా. అది మన గోండుల పేరే. బొగ్గుతో కలిసి ఉండే ఇసుకరాయి నీటిని పట్టి ఉంచుతుంది. మన బావులకు, వాగుల్లోని చెలమలకు ఊట అందించేది ఇలాంటి పొరలే. గని లోతుకు వెళ్లేకొద్దీ ఈ నీరు గోతిలోకి దిగుతుంది. తవ్వకం సాగాలంటే రాత్రింబవళ్లు తోడిపోయాల్సిందే. ఒక బావిలో మోటరు పెడితే పక్క బావి అడుగంటడం మనం చూసిందే. గని దగ్గర అదే పెద్ద ఎత్తున జరుగుతుంది. ఓపెన్‌కాస్ట్‌లో వాగులను కూడా దారి మళ్లించాల్సి వస్తుంది. మట్టిగుట్టల నుంచి వానకు కొట్టుకొచ్చే మన్ను చెరువుల్లో పూడికగా చేరుతుంది. గని నీటిని చెరువులకు, పొలాలకు వదిలితే కొంత మేలూ ఉంటుంది. కానీ ఆ మోటర్లు ఆగిన రోజున ఆ నీరూ ఆగుతుంది.

మరి నష్టం జరిగిందని ఎలా తేలుతుంది? తవ్వకానికి ముందు నీటిమట్టం ఎంతో తెలిస్తేనే తేలుతుంది. ఆ లెక్క లేకపోతే "వానలు పడలేదు, అందుకే బావి ఎండింది" అన్న మాటకు మన దగ్గర జవాబు ఉండదు. అమ్మమ్మలు, తాతలు చెప్పే జ్ఞాపకం నిజమే అయినా, సభలో కాగితం అడుగుతారు.

ఆ కాగితం మనమే తయారు చేయవచ్చు. తాడుకు రాయి కట్టి గూడెంలోని కొన్ని బావుల లోతు కొలవాలి. ఏటా మే నెలలో ఒకసారి, నవంబరులో ఒకసారి అవే బావులు కొలిచి, పక్కనే వర్షపాతం రాయాలి. గనికి దూరంగా ఉన్న బావులనూ కొలిస్తే, కరువు వల్ల తగ్గిందెంతో, గని వల్ల తగ్గిందెంతో పోల్చి చూడవచ్చు. వాగు నీటిని గని నీరు కలిసే చోటుకు ఎగువన, దిగువన రెండుచోట్లా పట్టి పరీక్షకు పంపాలి. ఆమ్లత్వం, ఇనుము, సల్ఫేటు, తేలే మట్టి ఎంతెంత ఉన్నాయో అడగాలి.

2006 నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. నివేదిక సారాంశం స్థానిక భాషలో ఉండాలి. కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో నివేదికను చూడవచ్చు. అది చదివి అడగండి: ఏ కాలంలో కొలిచారు? ఎండాకాలంలో చూశారా? మా గూడెం బావి అందులో ఉందా? గని మూసేశాక నీటి సంగతేమిటి?

మన పెద్దలు నీటి కోసం నిలబడ్డారు. వాళ్ల మనవలుగా మన వంతు ఒక నోటుబుక్కు, ఒక తాడు. ఈ మే నెలలోనే మొదటి కొలత రాద్దాం.