పానగల్ రాజా: ద్వంద్వ ప్రభుత్వంలో ఒక మంత్రి శక్తి, పరిమితి

మద్రాసు రాష్ట్ర రాజకీయ చరిత్రలో పానగల్ రాజా పానగంటి రామరాయణింగారి (1866–1928) స్థానాన్ని సాధారణంగా రెండు విధాలుగా నిర్ణయిస్తారు. బ్రాహ్మణేతరోద్యమ నాయకుడని కొందరు కీర్తించగా, బ్రిటిష్ పాలనకు సహకరించిన జమీందారని జాతీయవాదులు నిరసించారు. ఈ రెండూ ఆయన పక్షాన్ని కొలిచిన అంచనాలే గాని పాలనను కొలిచినవి కావు. మంత్రిగా ఆయన చేతిలో ఉన్న అధికారమెంత, దానితో ఆయన నిలిపినదేమిటి అన్నవి ఇక్కడి పరిశీలనాంశాలు.

1919 నాటి చట్టం రాష్ట్ర పాలనను రెండుగా విభజించింది. ఆర్థికం, భూమిశిస్తు, పోలీసు వంటి శాఖలు గవర్నరు, ఆయన కార్యనిర్వాహక సభ్యుల అధీనంలో నిలిచాయి. స్థానిక స్వపరిపాలన, విద్య, వైద్యం వంటివి మంత్రులకు దక్కాయి. అంటే బాధ్యత మంత్రిది, ఖజానా మరొకరిది. ధనం లేనిచోట మంత్రికి మిగిలే ప్రధాన సాధనం శాసనమే.

కాళహస్తిలో జన్మించిన రామరాయణింగారు మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి, 1912 నుండి 1915 వరకు కేంద్ర శాసన మండలిలో సభ్యులుగా ఉన్నారు. 1920లో సుబ్బరాయలు రెడ్డియారు మంత్రివర్గంలో స్థానిక స్వపరిపాలన శాఖను చేపట్టారు. 1921 జులైలో ప్రథమ మంత్రియై 1926 డిసెంబరు వరకు కొనసాగారు.

ఆయన శాసనాలలో ప్రధానమైనది హిందూ దేవాదాయ చట్టం. 1863 నాటి చట్టంతో ప్రభుత్వం ఆలయ నిర్వహణ నుండి తప్పుకొని, దానిని ధర్మకర్తలకూ స్థానిక సంఘాలకూ విడిచిపెట్టింది. ఆలయాదాయం దుర్వినియోగమవుతున్నదన్న ఆరోపణలు ఆ తరువాత విస్తరించాయి. 1922 డిసెంబరులో ప్రవేశపెట్టిన బిల్లు 1925లో చట్టమై, ఆలయాలపై పర్యవేక్షణకు ఒక బోర్డును ఏర్పరచింది. ఇది మత విషయాలలో జోక్యమని ఒక వర్గం, పదవుల పంపకానికి కొత్త మార్గమని మరొక వర్గం విమర్శించాయి. రెండవ విమర్శను తోసిపుచ్చలేము. స్థానిక సంస్థలలో నామినేషన్ అధికారం ఆయన రాజకీయ బలానికి ఆధారమైనమాట వాస్తవం.

ఆ బలం స్వపక్షంలోనే అసంతృప్తిని పెంచింది. మంత్రివర్గంలో తెలుగువారి ప్రాబల్యం హెచ్చిందని తమిళ సభ్యులు భావించారు. 1923 నవంబరులో కట్టమంచి రామలింగారెడ్డి అవిశ్వాస తీర్మానం ప్రవేశపెట్టగా, మంత్రివర్గం నిలిచింది. అయితే 1926లో అదే ప్రభుత్వ కాలంలో వెలువడిన చట్టంతో ఆంధ్ర విశ్వవిద్యాలయం బెజవాడలో ఏర్పడినప్పుడు, తొలి ఉపాధ్యక్ష పదవి రామలింగారెడ్డికే లభించింది.

1926 ఎన్నికలలో జస్టిస్ పక్షం అధికారం కోల్పోయింది. దేవాదాయ చట్టం చెల్లుబాటుపైనా వివాదం రేగింది. అయినా సుబ్బరాయన్ మంత్రివర్గ కాలంలో, 1927లో, ఆ చట్టం మళ్లీ శాసనమైంది. కర్త పదవి వీడిన పిమ్మట ఇతరుల చేతుల మీదుగా ఒక శాసనం పునరుద్ధరింపబడడమే దాని అవసరానికి బలమైన సాక్ష్యం. ఆంధ్రప్రదేశ్‌లో 1966, 1987 నాటి దేవాదాయ చట్టాలు ఈ పరంపరకు చెందినవే.

కనుక పానగల్ రాజా పాలనకు సరైన కొలమానం ఆయన గెలుపోటములు కావు. పరిమితాధికారాన్ని సంస్థారూపంలోకి మలచడం ఆయన సాధన. ఆ సంస్థలను పక్షాశ్రయం నుండి వేరుచేయలేకపోవడం ఆయన లోపం. ఆలయ నిర్వహణలో రాజకీయ నియామకాలపై నేటికీ సాగుతున్న చర్చకు ఈ రెండూ కలిసిన ఆ వారసత్వమే మూలం.