చార్టు పఠనం: బియ్యపు విపణి నుంచి డే ట్రేడింగ్ దాకా – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
గడచిన ధరల గీతలను చదివి రాబోయే ధరను ఊహించే పద్ధతిని సాంకేతిక విశ్లేషణ అంటారు. కొన్న షేర్లను అదే రోజు అమ్మే డే ట్రేడర్లు నైపుణ్యం కోసం ఈ చార్టులనే సాధన చేస్తారు. ధరల నమోదుకు ఉపయోగపడిన చార్టు జోస్యసాధనంగా ఎలా మారింది, ఆ మార్పు నేటి సాధనకు నేర్పేదేమిటి అన్న అంశాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: సాంకేతిక విశ్లేషణ, క్యాండిల్‌స్టిక్ చార్టు, డౌ సిద్ధాంతం, డే ట్రేడింగ్, సాధన.

1. ఉపోద్ఘాతం:
సెబీ 2024 జులైలో వెలువరించిన అధ్యయనం ప్రకారం, 2022-23 ఆర్థిక సంవత్సరంలో ఈక్విటీ నగదు విభాగంలో ఇంట్రాడే ట్రేడింగ్ చేసిన ప్రతి పదిమంది వ్యక్తుల్లో ఏడుగురు నష్టపోయారు. ఏడాదికి 500కు మించి ట్రేడ్లు చేసినవారిలో నష్టపోయినవారు 80 శాతం. సాధనతో ఏ విద్యయినా పట్టుబడుతుందన్నది లోకోక్తి. ఈ అంకెలు దానికి ఎదురుగా కనిపిస్తాయి. అయితే ఎక్కువసార్లు కొని అమ్మడమే సాధన అవుతుందా అన్నది ఇక్కడి అసలు ప్రశ్న. దీనికి సమాధానం చార్టు చరిత్రలో కొంత లభిస్తుంది.

2. ఒసాకా బియ్యం, హొమ్మా ఐతిహ్యం:
జపాన్‌లోని ఒసాకా నగరంలో దొజిమా బియ్యపు విపణికి తొకుగవా ప్రభుత్వం 1730లో అధికారిక గుర్తింపునిచ్చింది. గోదాముల్లోని బియ్యానికి ఇచ్చే పత్రాలు అక్కడ చేతులు మారేవి. సరుకు ఇచ్చిపుచ్చుకోకుండానే రాబోయే ధరపై బేరాలు సాగేవి. ఆ కాలంలోనే సకాటా రేవుపట్టణానికి చెందిన హొమ్మా మునెహిసా (1724-1803) బియ్యం వ్యాపారంలో పేరు గడించాడు. ప్రారంభ, ముగింపు ధరల మధ్య మందపాటి దేహాన్ని, గరిష్ఠ, కనిష్ఠ ధరల దాకా సన్నని గీతలను చూపే క్యాండిల్‌స్టిక్ చార్టును ఇతడే కనిపెట్టాడని నేటి శిక్షణ పుస్తకాలు అనేకం చెబుతాయి. అయితే 1991లో తన గ్రంథంతో ఈ చార్టులను పాశ్చాత్యులకు విస్తృతంగా పరిచయం చేసిన స్టీవ్ నిసన్, హొమ్మా వీటిని వాడి ఉండకపోవచ్చని, ఇవి 1868లో మొదలైన మెయిజీ యుగపు తొలినాళ్లలో రూపొంది ఉండవచ్చని తరువాత అభిప్రాయపడ్డాడు. కర్త తెలియని చాటువులు శ్రీనాథుని పేర చేరినట్లే, ఈ పద్ధతి కూడా ఒక ప్రసిద్ధ వ్యాపారి పేర స్థిరపడింది.

3. డౌ సగటు, డౌ సిద్ధాంతం:
అమెరికాలోనూ ఇదే జరిగింది. పత్రికా సంపాదకుడైన చార్లెస్ డౌ 1884లో తన తొలి షేర్ల సగటును, 1896 మే 26న 12 కంపెనీలతో పారిశ్రామిక సగటును ప్రచురించాడు. విపణి స్థితిని ఒక్క అంకెలో చూపడం వీటి పని. ఆయన సంపాదకీయాలు రాశాడే గాని సిద్ధాంత గ్రంథం రాయలేదు. 1902లో ఆయన మరణించాక ఎస్.ఎ. నెల్సన్, విలియం పీటర్ హామిల్టన్ రచనల ద్వారా ‘డౌ సిద్ధాంతం’ ప్రచారం పొందింది. 1948లో ఎడ్వర్డ్స్, మెగీ రాసిన గ్రంథం ‘తల-భుజాలు’, త్రిభుజాలు వంటి సరళులను విపులంగా వర్గీకరించి ఈ రంగానికి ప్రామాణిక పాఠ్యంగా నిలిచింది.

4. పరీక్షకు నిలిచిందెంత?
హామిల్టన్ 1904-1929 మధ్య విపణి దిశ మారుతుందని 90 సార్లు ప్రకటించాడు. వాటిలో 45 ఫలించాయి, 45 విఫలమయ్యాయని 1933లో ఆల్‌ఫ్రెడ్ కౌల్స్ లెక్కతేల్చాడు. నష్టభయాన్ని కూడా గణనలోకి తీసుకుంటే హామిల్టన్ ఫలితాలు మెరుగైనవేనని 1998లో బ్రౌన్, గెట్జ్‌మన్, కుమార్ వాదించారు. 1959లో హ్యారీ రాబర్ట్స్ యాదృచ్ఛిక సంఖ్యలతో గీసిన చార్టులు అసలు షేర్ల చార్టులను పోలి ఉన్నాయి. సరళి లేనిచోట కూడా కంటికి సరళి కనబడుతుందని దీనివల్ల తేలింది. మరోవైపు కొన్ని సరళుల్లో ఎంతోకొంత సమాచారం ఉందని ఆండ్రూ లో బృందం 2000లో చూపింది. అయితే సమాచారం ఉండడం వేరు, ఖర్చులు పోను లాభం మిగలడం వేరు.

5. సాధన స్వరూపం:
పాఠ్యపుస్తకాల్లోని ఉదాహరణలు సాధారణంగా ఫలించిన సరళులే. వాటిని వల్లెవేసినవారికి విఫలమైన సరళులు పరిచయం కావు. కాబట్టి పాత చార్టు కుడిభాగాన్ని మూసి, తన అంచనాను, అది తప్పని ఒప్పుకోవలసిన ధరను ముందే రాసుకొని, ఆ తరువాతే మిగతాభాగాన్ని తెరవడం సరైన సాధన అనిపించుకుంటుంది. ఫలించనివాటిని కూడా లెక్కలో చేర్చాలి. ఖర్చులు తీసివేయాలి. 2022-23లో నష్టపోయినవారు తమ నష్టంపై అదనంగా అందులో 57 శాతం మేర ట్రేడింగ్ ఖర్చులకే చెల్లించారని సెబీ అధ్యయనం చెబుతున్నది. సొమ్ము పోతున్నప్పుడు కలిగే భయాన్ని మాత్రం ఇటువంటి సాధన అనుభవంలోకి తేలేదు. ఇది దాని పరిమితి.

6. ముగింపు:
• క్యాండిల్‌స్టిక్ చార్టు, డౌ సగటు రెండూ జరిగినదాన్ని నమోదు చేసే సాధనాలు. జోస్యం చెప్పే శక్తిని వాటికి ఆపాదించినవారు తరువాతివారు.
• మూలపురుషుని కీర్తి పద్ధతికి ప్రమాణం కాజాలదు. ఫలించిన, విఫలమైన సందర్భాలు రెండింటినీ లెక్కించిన పరీక్షే ప్రమాణం.
• తన తప్పులను నమోదు చేయని ట్రేడర్ వందల ట్రేడ్లు చేసినా అది సాధన కాదు, పునరావృతి మాత్రమే. అటువంటివారికి చార్టు సాధన ఇచ్చే గొప్ప ఫలితం, ట్రేడింగ్ మానుకోవలసిన సమయాన్ని సొమ్ము పోకముందే తెలియజేయడం కావచ్చు.