మేకపాలకు మంట తగలకుండా

ఏప్రిల్. పొద్దున ఎనిమిదికే హిందూపురం బజారులో ఎండ చురుక్కుమంటోంది. పట్టుగూళ్ల మార్కెట్ వైపు మూటలతో ఆటోలు పోతున్నాయి. మీ సంచిలో కొబ్బరినూనె, శెనక్కాయల నూనె, చిన్న సీసాలో ఆముదం. ఇక కాస్టిక్ సోడా ఒక్కటే మిగిలింది. అడగ్గానే కొట్టతను మిమ్మల్ని ఎగాదిగా చూస్తాడు. "సింకు జామైందా అక్కా?" సబ్బు చేయడానికంటే నమ్మడు. నవ్వేసి పొట్లం కట్టిస్తాడు.

ధర్మవరం వైపు పోయే రైలెక్కి పెనుకొండలో దిగుతారు. 1565 యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధానిని ఈ కొండ కిందికే మార్చుకున్నారు. ఆ కోటను తర్వాత చూడొచ్చు, ముందు ఫ్రీజరు చూడాలి. సబ్బులు చేసే అక్క దాని తలుపు తీసి ఐసు ట్రే బయట పెడుతుంది. అందులో కాపరి దగ్గర తెచ్చి, వడకట్టి, రాత్రంతా గడ్డకట్టించిన మేకపాలు ఉన్నాయి.

"పచ్చిపాలలో సోడా వేస్తే ఏమైతాది?" అంటారు మీరు.

"మాడిపోతాయి. పొయ్యి లేకుండానే."

ఆమె అన్నది నిజం. సోడా కరిగేటప్పుడు పుట్టే వేడికి పాలలోని చక్కెర మాడి, పాలు పసుపు, నారింజ, చివరికి గోధుమ రంగుకు దిగుతాయి. మీరు సత్తుగిన్నె అందుకోబోతే ఆమె చెయ్యి అడ్డం పెడుతుంది. సోడా దాన్ని తినేస్తుంది. స్టీలు గిన్నె కావాలి, దాని కింద ఐసునీళ్ల బేసిన్ ఉండాలి. చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు.

నూనెలు: కొబ్బరి 200 గ్రాములు, శెనక్కాయల నూనె 250, ఆముదం 50. పాలు 150. సోడా 73 గ్రాములు, వంటింటి చెంచాతో కాదు, తక్కెడతో. ఒక్కో నూనె ఒక్కో లెక్కలో సోడాను అడుగుతుంది: గ్రాము కొబ్బరినూనెకు సుమారు 0.183 గ్రాములు, శెనక్కాయల నూనెకు 0.136. మొత్తం 77 దాకా వస్తే అక్క ఐదు శాతం తగ్గించింది. కొంత నూనె సబ్బుగా మారకుండా మిగలాలి, లేకపోతే చర్మం పొడిబారుతుంది.

పాలగడ్డల మీద సోడాను చిటికెడు చిటికెడు చల్లుతున్నారు. ఎప్పుడూ పాలలోకి సోడా పడాలి, సోడా మీద పాలు పోయకూడదు. గడ్డలు కరుగుతుంటే ముక్కుకు ఘాటు తగులుతుంది. కిటికీ తెరవండి. రంగు లేత పసుపు దాటకపోతే గెలిచినట్టే. గోరువెచ్చని నూనెల్లో దాన్ని పోసి బ్లెండరు తిప్పితే, కాసేపటికి అంబలిలా చిక్కబడుతుంది. అచ్చుల్లో పోయగానే మళ్లీ ఫ్రిజ్‌లోకి. మూట కట్టి వెచ్చగా పెడితే సబ్బు లోలోపల తానే కాగుతుంది, పాలు ఆ వేడికి తట్టుకోవు. సరిగ్గా అప్పుడే కరెంటు పోతుంది. "తలుపు తీయొద్దు" అంటుంది అక్క, మీ చెయ్యి హ్యాండిల్ మీద ఉండగానే.

రేపు కోసి, నీడలో నాలుగు నుంచి ఆరు వారాలు ఆరబెట్టాలి. మేకపాల సబ్బుతో తెల్లబడతారని రాసేవాళ్ల మాట నమ్మొద్దు. సోడా పడ్డాక అవి తాగే పాలు కావు. పాలకొవ్వు మెత్తదనానికి, చక్కెర నురుగుకు పనికొస్తాయి, అంతే.

సాయంత్రం, ఫిబ్రవరిలో కోసిన బిళ్లలతో ధర్మవరంలో దిగుతారు. సందు నిండా మగ్గాల చప్పుడు. ఒకచోట పట్టునూలు సబ్బు, వాషింగ్ సోడా కలిపిన వేడినీళ్లలో ఉడుకుతోంది. పచ్చిపట్టు బరువులో నాలుగోవంతు దాకా ఉండే జిగురు అలాగే ఊడుతుంది. అప్పుడే మెరుపు బయటపడుతుంది. ఇక్కడివాళ్లకు సబ్బు పని మీకంటే బాగా తెలుసు.

నేతింటామె బిళ్లను వాసన చూసి, గోటితో గీకుతుంది. "దీంతో పట్టుచీర ఉతకొచ్చా?"

"వద్దమ్మా. మిగిల్చిన నూనె చీరకు మరకౌతుంది. ఒంటికే."

"ఐతే రెండియ్యి."